రెప్పలు లేని రీలు

(విమాన ప్రయాణంలో ఫిల్మును కాపాడుకోవడం గురించి, ఫిల్ము కెమెరాలు వాడేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక కవరు మీ మధ్యకు పంపుతున్నాను. అందులో ఒక నెగెటివ్ ముక్క ఉంది, ఆరు ఫ్రేములు. అంచులు పట్టుకుని చూడండి, మధ్యలో వేలు పెట్టకండి. మీకు ఈ మాట చెప్పవలసిన పని లేదు, అయినా చెబుతున్నాను, ఎందుకంటే ఆ ముక్క నాకు ఇష్టం. లైటు వైపు ఎత్తి చూసి పక్కవారికి అందించండి.

ఏం కనిపిస్తోంది? మొదటి ఫ్రేములో మెట్లు. రెండో దాంట్లో అవే మెట్ల మీద కూర్చున్న పెద్దాయన. తర్వాత ఒక పడవ. ఇక వాటన్నిటి మీదుగా, ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక నల్లటి పట్టీ మెలికలు తిరుగుతూ పోతోంది. సుమారు సెంటీమీటరు వెడల్పు. దాని అంచులు తడి కాగితం మీద సిరా పాకినట్టు మెత్తగా ఉన్నాయి. ఇప్పుడు ఇంకా దగ్గరగా చూడండి. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది కదా, ఆ ఖాళీలో కూడా పట్టీ ఆగలేదు. అంటే లెన్సు తప్పు కాదు, షట్టరు తప్పు కాదు. పోనీ కెమెరా తలుపు సందులోంచి వెలుగు దూరిందా? అలా దూరితే మరక అంచు నుంచి మొదలై లోపలికి పలచబడుతుంది, ఫిల్ము అంచున ఉండే రంధ్రాల ఆకారం కూడా పడుతుంది. ఇది అంచును తాకకుండా మధ్యలో ఈదుకుంటూ పోయింది. మరి ఎక్కడి నుంచి వచ్చింది?

నేనే తెచ్చాను. చేతి సంచి నిండిపోయిందని, కడగని, అంటే ఇంకా డెవలప్ చేయని, పదకొండు రీళ్లను పెద్ద పెట్టెలో బట్టల మధ్య సర్ది, విమానాశ్రయం కౌంటరులో అప్పజెప్పాను. మెత్తగా ఉంటుంది, దెబ్బ తగలదు అనుకున్నాను. దెబ్బ తగలలేదు నిజమే.

ఈ కాగితం చూడండి. పొడుగ్గా కత్తిరించిన పట్టీ. దీన్ని బిగుతుగా చుట్టాను. ఇప్పుడు కత్తితో అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోస్తాను. అయింది. విప్పితే ఏమైంది? అంచు నిటారుగా రాలేదు. అలలా వచ్చింది, పైకి కిందికి, పైకి కిందికి. మీ చేతిలో ఉన్న నెగెటివ్ మీద జరిగింది సరిగ్గా ఇదే. అక్కడ కత్తి బదులు సన్నని ఎక్స్-రే కిరణం. చుట్టి ఉన్న రీలును అది తిన్నగా, ఏటవాలుగా ఒక్కసారి కోసింది. విప్పేసరికి అల అయింది.

ఇంకొక సంగతి చూడండి, నాకు ఇది ముచ్చటగా ఉంటుంది. చుట్ట బయటి వరసలో అల పొడుగ్గా ఉంది, లోపలికి పోయేకొద్దీ దగ్గరదగ్గరగా వచ్చింది. ఎందుకు? లోపలి చుట్టు చిన్నది కాబట్టి. ముప్పై ఐదు మిల్లీమీటర్ల రీలులో బయటి చుట్టు ఒకటి సుమారు రెండు ఫ్రేముల పొడుగు ఉంటుంది, ఇరుసు దగ్గర ఒక ఫ్రేముకు అటూఇటూ. మొదటి ఫోటోలు బయట, ముప్పై ఆరో ఫోటో ఇరుసు దగ్గర. కాబట్టి మొత్తం రీలు పరిచి చూస్తే, ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా అలలు బిగుసుకుంటూ వస్తాయి. అలా వచ్చాయంటే ల్యాబువారితో పోట్లాడకండి. నేను పోట్లాడాను. తర్వాత వెళ్లి క్షమాపణ అడిగాను.

సరే, అసలు ఫిల్ముకు ఎక్స్-రే ఎందుకు కనిపించాలి? మన కంటికి కనిపించదు కదా? ఈ ప్రశ్నను తిరగేసి అడగాలి. ఎక్స్-రే అనేది ఒకటి ఉందని లోకానికి సాక్ష్యం చూపించింది ఫోటో పలకే. 1895 డిసెంబరులో జర్మన్ శాస్త్రవేత్త రాంట్‌జెన్ తన భార్య చేతిని ఫోటో పలక మీద పెట్టించి కిరణాలు పంపాడు. ఎముకలు, వేలికి ఉంగరం. మరుసటి ఏడాదే పారిస్‌లో బెకరెల్ అనే శాస్త్రవేత్త యురేనియం లవణాలను, నల్ల కాగితంలో చుట్టిన పలకలను ఒకే సొరుగులో పెట్టాడు. ఎండ రాలేదని ప్రయోగం ఆపి పెట్టాడు. ఎందుకో ఆ పలకలను అలాగే కడిగి చూస్తే మచ్చలు ఉన్నాయి. రేడియోధార్మికత అలా బయటపడింది. అంటే మనం ఈ రోజు పాడైపోయిన ఫిల్ము అని విసుక్కుంటున్నదానికి ఒకప్పుడు నోబెల్ బహుమతులు ఇచ్చారు. రేడియేషన్ దగ్గర పనిచేసేవారి ఒంటికి ఎంత సోకిందో కొలవడానికి చాలాకాలం చొక్కాకు తగిలించినది కూడా చిన్న ఫిల్ము ముక్కనే.

ఇంకొకటి చెప్పి ముందుకు పోతాను. 1945లో కొడాక్ కంపెనీకి ఎక్స్-రే ఫిల్ము మీద మచ్చలు వస్తున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఆ కంపెనీ భౌతిక శాస్త్రవేత్త జూలియన్ వెబ్ ఆరా తీస్తే తేలినదేమిటంటే, తప్పు ఫిల్ముది కాదు, దాన్ని ప్యాక్ చేసే అట్టది. ఆ అట్ట ఇండియానాలోని విన్సెన్స్ అనే ఊరి మిల్లులో తయారైంది. అంతకుముందు జూలై 16న న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణు పరీక్ష జరిగింది. వెయ్యి మైళ్లకు పైగా గాలిలో వచ్చిన ధూళి అట్టలోకి చేరింది. ప్రభుత్వం రహస్యంగా దాచినదాన్ని డబ్బాలో పడుకున్న ఫిల్ము చూసేసింది. అటువంటి వస్తువును మనం స్కానరులోకి పంపి, ఏమీ కాదులే అనుకుంటున్నాం.

లోపల జరిగేది ఇది. ఫిల్ము మీద జిలటిన్ పొరలో వెండి లవణాల రవ్వలు ఉంటాయి. మామూలు వెలుగైతే ఒక రవ్వ మేలుకోవడానికి కొన్ని కాంతి కణాలు వరసగా తగలాలి. ఎక్స్-రే కణం దగ్గర శక్తి చాలా ఎక్కువ. ఒక్కటి తగిలి లోపల ఆగితే చాలు, అక్కడి నుంచి ఎగిరిన ఎలక్ట్రాన్లు ఆ ఒక్క రవ్వనే కాదు, చుట్టుపక్కల రవ్వలను కూడా మేల్కొలపగలవు. అవన్నీ కడిగినప్పుడు నల్లబడతాయి. స్పీడు, అంటే వెలుగును పట్టే వేగం, ఎక్కువ ఉన్న ఫిల్ములో రవ్వలు పెద్దవి, తగిలే అవకాశం ఎక్కువ. ఆ స్పీడును ఐఎస్‌ఓ అంకెతో చెబుతారు. అందుకే వంద ఐఎస్‌ఓ రీలు తట్టుకున్నదాన్ని మూడు వేల రెండు వందల రీలు తట్టుకోదు. పైగా ఇది కూడిక లెక్క. మొదటి విమానాశ్రయంలో కొంచెం, రెండో చోట కొంచెం, తిరుగు ప్రయాణంలో ఇంకొంచెం. రీలు దేన్నీ మరిచిపోదు. కడిగేదాకా అన్నీ మోస్తూనే ఉంటుంది.

కడిగేశాక? కడిగేశాక భయం లేదు. నెగెటివ్‌లను, ప్రింట్లను ఎన్నిసార్లయినా పంపండి. నేను చెప్పేదంతా కడగని ఫిల్ము గురించే, వాడినదైనా వాడనిదైనా.

ఇప్పుడు అసలు విషయం. మీలో కొందరు ఇరవై, ముప్పై ఏళ్లుగా రీళ్లతో తిరుగుతున్నారు. మీకొక సలహా తెలుసు, అందరికీ చెబుతుంటారు కూడా: చేతి సంచిలో పెట్టుకో, ఎనిమిది వందల లోపు ఐఎస్‌ఓ అయితే ఏమీ కాదు. ఆ సలహా తప్పు కాదు. పాతబడింది, అంతే.

1973 జనవరి నుంచి అమెరికాలో ప్రతి ప్రయాణికుడి చేతి సంచినీ తనిఖీ చేయడం తప్పనిసరి అయింది. క్రమంగా ఎక్స్-రే యంత్రాలు ప్రపంచమంతా వచ్చాయి. ఆ యంత్రం మీకు తెలిసిందే: బెల్టు, రబ్బరు తెరలు, చిన్న సొరంగం, అవతల తెర మీద రంగుల బొమ్మ. సంచి గుండా కిరణం ఒక వైపు నుంచి ఒకసారి పోతుంది. మోతాదు చాలా తక్కువ. రెండు వందలు, నాలుగు వందల ఫిల్ము కొన్నిసార్లు వెళ్లివచ్చినా కంటికి తేడా కనిపించదు. నేను పంపాను, మీరూ పంపారు. ఆ రోజుల్లో మనం పడిన భయంలో సగం అనవసరమే.

నా పెట్టెను కోసినది వేరే యంత్రం. విమానం కడుపులోకి వెళ్లే సామానును వెతికే యంత్రం. 1994లో అమెరికా ప్రభుత్వ విమానయాన నియంత్రణ సంస్థ ఆమోదం పొందిన సీటీఎక్స్ 5000 ఆ జాతిలో మొదటిది. ముందు తక్కువ కిరణంతో పెట్టె అంతా చూసి, అనుమానం వచ్చిన చోట మాత్రం బలమైన సన్నని కిరణంతో పొర పొరగా కోసి చూస్తుంది. ఆ కోత పడిన చోట నా రీలు ఉంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఇటువంటి యంత్రాలు చాలాచోట్ల వచ్చాయి. కాబట్టి కడగని ఫిల్మును కౌంటరులో ఇచ్చే పెట్టెలో పెట్టకూడదు. ఈ ఒక్క సలహా అప్పుడూ ఇప్పుడూ మారలేదు.

మారినది చేతి సంచి సంగతి. ఇన్నాళ్లూ ఆసుపత్రిలోనో, పెద్ద పెట్టెల దగ్గరో ఉన్న సీటీ పద్ధతి కొన్నేళ్లుగా చేతి సంచుల వరసలోకి వచ్చేసింది. సంచి చుట్టూ అన్ని కోణాల నుంచి కిరణాలు పంపి, కంప్యూటరులో మూడు కొలతల బొమ్మ కడుతుంది. తనిఖీ చేసేవారు ఆ బొమ్మను వేలితో తిప్పి చూసుకుంటారు. ప్రయాణికుడికి సుఖం: లాప్‌టాప్ బయటికి తీయనక్కర లేదు, కొన్నిచోట్ల నీళ్ల సీసాలతో కూడా పేచీ లేదు. అందరికీ సుఖమే, ఒక్క మనకు తప్ప. ఆ యంత్రంలోకి కడగని ఫిల్ము పంపవద్దని ఫిల్ము తయారుచేసే కొడాక్, ఇల్ఫోర్డ్ రెండూ స్పష్టంగా చెబుతున్నాయి. తక్కువ ఐఎస్‌ఓ కదా అనే వెసులుబాటు అక్కడ లేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. నా నెగెటివ్ మీద అల ఉంది. దొంగ కాలి ముద్ర వదిలి వెళ్లాడు, పట్టుకున్నాం. ఈ కొత్త యంత్రం చాలాసార్లు అలాంటి ముద్ర వదలదు. సంచి మొత్తాన్ని అన్ని వైపుల నుంచీ చూస్తుంది కాబట్టి రీలు మొత్తం దాదాపు ఒకే తీరుగా మసకబారుతుంది. పట్టీ లేదు, మచ్చ లేదు. ఏం కనిపిస్తుంది మరి? నీడలు చచ్చిపోతాయి. నల్లగా ఉండవలసిన చోట బూడిద రంగు. రవ్వ ముతకగా తేలుతుంది. రంగుల ఫిల్మయితే నీడల్లో బురద నీళ్ల ఛాయ. అది చూసి మనం ఏమనుకుంటాం? రీలు గడువు దాటిందేమో. వెలుగు తక్కువ ఇచ్చానేమో. కడిగే మందు పాతదేమో. అందరినీ అనుమానిస్తాం, బెల్టు మీద నలభై సెకన్లు నడిచిన ఆ ప్రయాణాన్ని తప్ప. ఏమీ కాలేదు, నేను పంపాను, ఫోటోలు వచ్చాయి అని చెప్పేవారిని నేను నమ్మకపోవడానికి కారణం అదే. ఫోటోలు వస్తాయండీ. రాకుండా పోవు. మీకు రావలసినవి వచ్చాయా అన్నది అడగాలి.

తెలుసుకునే దారి ఒకటుంది. ఒకేసారి కొన్న ఒకే బ్యాచి రీళ్లలో ఒకదాన్ని ఇంట్లో ఉంచండి. ప్రయాణం నుంచి వచ్చాక దాని ముక్కను, వెళ్లివచ్చిన రీలు ఖాళీ చివరను కలిపి ఒకే మందులో కడగండి. లైటు బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఏమీ తీయని ఖాళీ ఫిల్ము రెండూ ఒకేలా ఉండాలి. ఒకటి ముదురుగా ఉందంటే సందేహం అక్కర్లేదు.

మరి ఎలా వెళ్లాలి? అడగాలి. చేతితో చూడండి అని అడగాలి. ఇంతకన్నా రహస్యం లేదు. అమెరికాలో అయితే ఇది ఉపకారం కాదు, ఫెడరల్ నిబంధనల 49వ శీర్షికలోనే ఉంది: ప్రయాణికుడు కోరితే ఫోటో పరికరాలను, ఫిల్ము ప్యాకెట్లను ఎక్స్-రేకు గురి చేయకుండా తనిఖీ చేయాలి. అన్ని దేశాల్లో అలాంటి వాక్యం ఉండదు. చాలాచోట్ల ఎదురుగా ఉన్న మనిషి ఇష్టం. ఆ మనిషికి రోజుకు ఎన్ని వందల సంచులో, ఎంతమంది విసుగు మాటలో మనం గుర్తుంచుకోవాలి. వెనక వరస పెరిగిపోయాక, సంచి సగం బెల్టు ఎక్కాక, ఆగండి ఆగండి ఫిల్ము ఉంది అని కేక వేస్తే ఎవరు వింటారు?

నేను చేసే పని చెబుతాను. రీళ్లను అట్టపెట్టెల్లోంచి, నల్ల డబ్బాల్లోంచి ముందే తీసేస్తాను. అన్నీ కలిపి తెరవడానికి వీలైన పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో వేస్తాను. సంచిలో పైనే ఉంచుతాను. కాస్త పెందరాళే వెళ్తాను. బెల్టు మీద ఏదీ పెట్టకముందే ఆ సంచి చేతిలో పట్టుకుని, నవ్వుతూ, ఇది కడగని ఫిల్ము, దయచేసి చేతితో చూస్తారా అంటాను. అంతే. వారు సాధారణంగా ఒక చిన్న గుడ్డ ముక్కతో రీళ్లను తుడిచి యంత్రంలో పెడతారు. అది పేలుడు పదార్థాల జాడ కోసం, దానితో ఫిల్ముకు ఏ హానీ లేదు. ఈ మధ్య కుర్ర ఉద్యోగి ఒకరు రీలును చేతిలో తిప్పి తిప్పి చూసి, ఇది ఏమిటండీ, బ్యాటరీయా అన్నారు. నాకు నవ్వు వచ్చింది, తర్వాత కొంచెం దిగులు వేసింది. ఫోటోలు ఇందులోనే ఉంటాయి అని చెబితే, చూపించండి అన్నారు. చూపిస్తే పోతాయి కదా!

అక్కడే జాగ్రత్త. రేకు డబ్బాలో ఉండే ముప్పై ఐదు మిల్లీమీటర్ల రీలుకు ఇబ్బంది లేదు. నూట ఇరవై అనే వెడల్పు రకం రీలు వెండి కాగితం విప్పినా లోపలి నల్ల కాగితం కాపాడుతుంది, అంటించిన పట్టీ మాత్రం ఊడకూడదు. విడివిడి షీట్లుగా వచ్చే షీటు ఫిల్ము పెట్టెతోనే పెద్ద చిక్కు. మూత తీస్తే కథ ముగిసింది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో, ఆ దేశపు భాషలో, తెరవకూడదని, వెలుగు తగలకూడదని రాసి అంటించండి. సీలు తీయని పెట్టె అయితే నమ్మకం ఎక్కువ. వెలుగు చొరబడని చీకటి సంచి ఒకటి వెంట ఉంటే, కావాలంటే ఇందులో చేయి పెట్టి తడిమి చూడండి అని చెప్పవచ్చు.

సీసం సంచుల గురించి చాలామంది అడుగుతారు. నా దగ్గర ఒకటి ఉంది, చెప్పులు పెట్టుకోవడానికి బాగుంటుంది. తెర మీద అది నల్లటి ముద్దలా కనిపిస్తుంది. నల్లటి ముద్ద కనిపిస్తే ఏం చేస్తారు? వెనక్కి పంపి మళ్లీ స్కాన్ చేస్తారు, లేదా తెరిపిస్తారు. తెరిపించడమే కావాలంటే ముందే అడగవచ్చు కదా. ఇంకొక తెలివి కూడా ఉంది: నాలుగు వందల ఐఎస్‌ఓ రీళ్ల మధ్య ఒక మూడు వేల రెండు వందల ఐఎస్‌ఓ రీలు పెట్టి, అన్నీ అవే అని చెప్పడం. నేను ఆ పని చేయను. అబద్ధం చెప్పి భద్రతా వరసలో నిలబడటం నాకు చేతకాదు. మీ రీలు నాలుగు వందల ఐఎస్‌ఓది అయినా దాన్ని పదహారు వందలదిగా వాడి, పుష్ చేసి, అంటే మందులో ఎక్కువసేపు ఉంచి, కడగబోతుంటే, అది నిజంగానే చెప్పండి. మందులో ఎక్కువసేపు ఉంచితే ఫోటోతో పాటు ఆ మసకా పెరుగుతుంది, కాబట్టి అది పూర్తిగా న్యాయమైన మాట.

కుదరదు అంటే? ఒక్కోసారి అంటారు. అప్పుడు గొంతు పెంచవద్దు. పక్క వరసలో పాత యంత్రం ఉందేమో అడగండి. లాప్‌టాప్ బయట పెట్టమంటున్న వరస తరచుగా పాతది, అన్నీ లోపలే ఉంచండి అంటున్న వరసలో సీటీ ఉండే అవకాశం ఎక్కువ. పాత దాంట్లో మామూలు స్పీడు రీళ్లు ఒకసారి పోతే నేను నిద్ర పాడుచేసుకోను. ప్రయాణం పొడుగైతే, ఎన్నో విమానాలు మారేదైతే, దిగిన చోటే ఫిల్ము కొని, బయలుదేరే ముందు అక్కడే కడిగించుకోవడం అన్నిటికన్నా మేలు. కొరియర్‌లో పంపితే సరిపోతుందని అనుకోకండి, విమానంలో పోయే సరుకును కూడా స్కాన్ చేస్తారు.

ప్రశ్నలు ఉన్నాయా? ఆ, సగం తీసిన రీలు కెమెరాలోనే ఉంటే. కెమెరా కూడా చేతికే ఇవ్వండి. కానీ తెరిచి చూపించమంటే? అందుకే వీలైతే వరసలోకి వచ్చేముందే రీలు పూర్తి చేసి చుట్టేయండి. విమానాశ్రయం అద్దాల దగ్గర తీసిన పనికిమాలిన ఫోటోలు నా దగ్గర బోలెడు ఉన్నాయి, అవన్నీ ఆ రకంగా పుట్టినవే.

ఇన్‌స్టాక్స్ అడిగారు కదా, అక్కడికక్కడే ఫోటో బయటికి వచ్చే ఫిల్ము. దాని ఐఎస్‌ఓ ఎనిమిది వందలు. దాన్ని కూడా చేతితోనే చూడమనండి. ఒకసారి వాడి పారేసే కెమెరాల్లో ఉన్నదీ ఫిల్మే, మరిచిపోతుంటారు. మెమరీ కార్డులకు ఏమీ కాదు. మనం నడిచే మెటల్ డిటెక్టరుతో, చేతులు ఎత్తి నిలబడే మిల్లీమీటరు తరంగాల గదితో ఫిల్ముకు భయం లేదు, వాటిలో ఎక్స్-రే ఉండదు. జేబులో రీలు పెట్టుకుని నడిస్తే రేకు డబ్బా వల్ల గంట మోగుతుంది, అంతే.

పైన ఆకాశంలో వచ్చే కిరణాలా? మంచి ప్రశ్న. ఒక విమాన ప్రయాణంలో పట్టించుకోవలసినంత ఉండదు. అంతరిక్షంలో నెలల తరబడి ఉండేవారికి అది నిజమైన బెడద. 1973లో స్కైలాబ్ పంపినప్పుడు ఫిల్మును దాచడానికే మందమైన గోడలున్న బరువైన అల్యూమినియం బీరువా ఒకటి లోపల పెట్టారు. మనకు ప్లాస్టిక్ సంచి చాలు.

సమయం అయిపోయిందని అక్కడి నుంచి సైగ చేస్తున్నారు. ఆ నెగెటివ్ ముక్క ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది? చివరి వరసలోనా? కవరులో పెట్టి ఇవ్వండి, మడవకండి. రెండో ఫ్రేములోని పెద్దాయన ఫోటో నా దగ్గర ఇంకొకటి లేదు.